ఆటకు తొందరే అసలు ఖరీదు

గేమింగ్ కన్సోల్ అంటే డబ్బున్నోళ్ల సరదా అని మన దగ్గర గట్టి అభిప్రాయం ఉంది. ముత్తంగి, ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం చుట్టూ ఫ్యాక్టరీ జీతాల మీద నడిచే ఇళ్లలో ఆ మాట మరీ గట్టిగా వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. ఈఎస్ఐ వర్తించే జీతానికి 2017 నుంచీ ఉన్న గరిష్ఠ పరిమితి నెలకు 21,000 రూపాయలు. డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5 స్లిమ్ 2024లో మన మార్కెట్లోకి వచ్చింది 54,990 రూపాయలకు. ఆ పరిమితి దగ్గర జీతం తీసుకునే కార్మికుడికి అది రెండున్నర నెలల సంపాదన. పెద్ద కంపెనీల కొత్త ఆట ఒక్కోటి 4,999 రూపాయల దగ్గర ఉంటుంది, అంటే దాదాపు వారం జీతం. ఈ అంకెలన్నీ తెలిసి కూడా కన్సోల్ మీద పెట్టే డబ్బును నేను దుబారాగా లెక్కవేయను. ఎందుకంటే ఈ సరదా తడిసి మోపెడయ్యేది తొందర వల్ల. చేతిలో డబ్బు లేకుండానే కిస్తీల మీద తెచ్చుకోవాలన్న తొందర, ఆట విడుదలైన రోజే ఆడేయాలన్న తొందర, తీరిక ఉందో లేదో చూసుకోకుండా ఆటల సర్వీసుకు ఏడాది చందా కట్టేసే తొందర. ఈ మూడింటినీ పక్కన పెడితే మధ్యతరగతి జీతంలో ఇమిడిపోయే వినోదం ఇది. అందుకే నా డబ్బు విషయంలో కొన్ని నియమాలు పెట్టుకున్నాను: కన్సోల్ రొక్కం పెట్టే కొనాలి, పూర్తి ధర ఆట ఏడాది దాటాకే కొనాలి, వీలైతే డిస్కే కొనాలి, చందా కడితే ఒక్క నెలకే కట్టాలి. ఈ నియమాలకు ఆధారం ఏమిటో, వాటి మీద వచ్చే అభ్యంతరాలు ఎంతవరకు నిలుస్తాయో చూద్దాం.

ముందు కన్సోల్ సంగతి. ఆగితే ధర తగ్గుతుందన్న పాత నమ్మకం కన్సోల్ విషయంలో ఇప్పుడు చెల్లదు, ఇది ఒప్పుకోవాలి. ప్లేస్టేషన్ 2 అమెరికాలో 2000లో 299 డాలర్లకు వచ్చి 2009 నాటికి 99 డాలర్లకు దిగింది. ప్లేస్టేషన్ 4 మూడేళ్లలో 399 నుంచి 299 డాలర్లకు వచ్చింది. ప్లేస్టేషన్ 5 మాత్రం ఎదురు దారి పట్టింది. మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు విడుదలైంది, 2022 నవంబరులో 54,990 అయింది. అమెరికాలో 2025 ఆగస్టులో మరో 50 డాలర్లు పెంచారు. చిప్‌ల తయారీ ఖర్చు మునుపటిలా ఏటేటా పడిపోవడం లేదు, పైగా సుంకాలు, మారకపు రేట్లు తోడయ్యాయి. కాబట్టి కన్సోల్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తే ఒరిగేదేమీ లేదు. ఎదురుచూడాల్సింది పండగ సీజన్ తగ్గింపు కోసం, అంతకంటే ముఖ్యంగా మన దగ్గర డబ్బు జమయ్యే దాకా. నెలకు నాలుగున్నర వేలు పక్కన పెట్టగలిగిన మనిషికి ఏడాదిలో దాదాపు ఆ 54,990 చేరుతుంది. అదే నాలుగున్నర వేలు కిస్తీ కట్టగలిగినవాడు, కిస్తీ లేకుండా కూడబెట్టనూ గలడు.

ఇక్కడే నో కాస్ట్ ఈఎంఐ మాట వస్తుంది. వడ్డీ లేనప్పుడు ఇవాళే తెచ్చుకుంటే నష్టమేమిటని అడుగుతారు. బిల్లు దగ్గర పెట్టుకుని చూస్తే నష్టం కనిపిస్తుంది. 54,990 రూపాయలను పన్నెండు కిస్తీలు చేస్తే నెలకు 4,582 రూపాయల 50 పైసలు. బ్యాంకు తన వడ్డీ వదులుకోదు. ఉదాహరణకు ఏటా 15 శాతం వడ్డీ అనుకుంటే, ఆ వడ్డీ సుమారు 4,200 రూపాయలను అమ్మేవాళ్లు ముందుగానే ధరలో తగ్గించి చూపిస్తారు, బ్యాంకు దాన్ని మళ్లీ కిస్తీల్లో వసూలు చేస్తుంది. క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, సుమారు 760 రూపాయలు, కొనేవాడి నెత్తినే పడుతుంది. దాని మీద ప్రాసెసింగ్ ఫీజు, ఆ ఫీజుకు మళ్లీ జీఎస్టీ. రొక్కం ఇస్తే దొరికే తగ్గింపు చాలాసార్లు ఈఎంఐకి వర్తించదు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. వెయ్యి రూపాయలే కదా అనుకోవచ్చు. అసలు ప్రమాదం ఆ వెయ్యి కాదు. ఓవర్‌టైమ్ మీద ఆధారపడిన జీతంలో ఆర్డర్లు తగ్గిన నెల, కిస్తీ తప్పితే ఆలస్య రుసుము పడుతుంది, కార్డు బకాయి మీద నెలకు సుమారు మూడున్నర శాతం వడ్డీ మొదలవుతుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. రేపు ఇంటి అప్పు కోసం బ్యాంకుకు వెళ్లినప్పుడు ఆ మచ్చ ఎదురొస్తుంది. ఆపదలో అప్పు చేయడం ఎవరికైనా తప్పదు. ఆట కోసం అప్పు చేయడం మాత్రం అప్పు చేసి పప్పు కూడు తినడమే.

ఇక ఆటల దగ్గరకు వస్తే, విడుదల రోజు కొన్నవాడికే ఎక్కువ ధరా, తక్కువ సరుకూ దక్కిన సందర్భాలు ఎన్నో. సైబర్‌పంక్ 2077 సంగతి చూడండి. 2020 డిసెంబరు 10న వచ్చినప్పుడు ప్లేస్టేషన్ 4లో ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారం తిరిగేసరికే ప్లేస్టేషన్ తయారీదారు సోనీ దాన్ని తన స్టోరు నుంచి తీసేసి కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇచ్చింది. తిరిగి స్టోరులోకి వచ్చింది 2021 జూన్‌లో. 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్ వచ్చాక నైపుణ్యాల పద్ధతి, పోలీసుల వెంటాడింపు, పోరాటాలు అన్నీ మారి, ఆటలోని నగరం నిజంగా తిరగదగ్గ చోటు అయింది. అంటే మొదటి రోజు పూర్తి ధర పెట్టినవాడు అసంపూర్తి ఆటకు డబ్బిచ్చాడు, ఆగినవాడు తక్కువ ధరకు పూర్తి ఆట అందుకున్నాడు. సోనీ సొంత ఆట కాంకర్డ్ ఇంకో రకం. 2024 ఆగస్టు 23న విడుదలై, సెప్టెంబరు 6కల్లా మూతపడింది. సోనీ డబ్బు వాపసు ఇచ్చింది కాబట్టి సరిపోయింది. ఈ రెండూ అరుదైన ఉదాహరణలని ఎవరైనా అనవచ్చు. బాగున్న ఆటల విషయంలో కూడా లెక్క మారదు. మంచి ఆట ఏడాది తర్వాత కూడా మంచి ఆటే, పైగా తప్పులు దిద్దుకుని ఉంటుంది, సేల్‌లో సగం ధరకు దిగడం మామూలే.

ధరకూ నాణ్యతకూ లంకె లేదని ఈమధ్య ఆటలే రుజువు చేశాయి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన క్లెయిర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 ఫ్రాన్స్‌లోని మాంపెలియేలో దాదాపు ముప్పై మంది ఉన్న ప్రధాన బృందం చేసిన ఆట. ధర 49.99 డాలర్లు, పెద్ద కంపెనీల 69.99 కన్నా 20 డాలర్లు తక్కువ. అందులో ఏటా ఒక చిత్రకారిణి ఎత్తైన రాతిస్తంభం మీద ఒక అంకె రాస్తుంది, ఆ వయసు వాళ్లంతా గాలిలో కలిసిపోతారు. వంతులవారీగా సాగే పోరాటమే అయినా శత్రువు దెబ్బ తగిలే క్షణాన బటన్ నొక్కి కాచుకోవాలి కాబట్టి చేతులు ఖాళీగా ఉండవు. అదే ఏడాది డిసెంబరులో ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆటగా నిలిచి, తొమ్మిది అవార్డులు గెలిచింది. 2025 సెప్టెంబరు 4న వచ్చిన హాలో నైట్: సిల్క్‌సాంగ్ ధర 19.99 డాలర్లే. ఆస్ట్రేలియాలోని ఓ చిన్న బృందం చేసిన ఆ ఆట కోసం ఎగబడిన జనానికి విడుదల రోజు స్టోర్లు కాసేపు మొరాయించాయి. నా దృష్టిలో అది కొన్నిచోట్ల అవసరానికి మించి కఠినంగా ఉంది, ఆ మాట చాలామంది అన్నాక తయారీదారులు మొదటి అప్‌డేట్‌లోనే తొలి దశల కాఠిన్యం కొంత తగ్గించారు. ఇదీ ఆగడానికి అనుకూలమైన సాక్ష్యమే. చేతిపని నాణ్యతలో మాత్రం అంతకు మూడింతల ధర పెట్టిన ఆటలతో అది సరితూగుతుంది. ఇలా మొదటి రోజే న్యాయమైన ధర పెట్టిన చిన్న ఆటలకు నా ఏడాది నియమం వర్తించదు.

డిస్కా, డిజిటలా అన్నది ఇంకో లెక్క. 2024లో స్లిమ్ వచ్చినప్పుడు మన దగ్గర డిస్క్ డ్రైవ్ ఉన్న మోడల్‌కూ, అది లేని డిజిటల్ మోడల్‌కూ తేడా 10,000 రూపాయలు, డిజిటల్ చవకగా కనిపించింది. కానీ 4,999 పెట్టిన డిస్కును ఆడేశాక సగానికి అమ్మినా 2,500 తిరిగొస్తాయి. అలాంటివి నాలుగు అమ్మితే తేడా తీరిపోతుంది. సెకండ్ హ్యాండ్ డిస్కే కొని మళ్లీ అమ్మితే పోయేది కొన్ని వందలే. డిజిటల్ ఆటను అమ్మలేం, తమ్ముడికి ఇవ్వలేం. అయితే డిస్కు ఉన్నంత మాత్రాన ఆట శాశ్వతంగా మనదని కూడా అనుకోకూడదు. యూబీసాఫ్ట్ తన ద క్రూ ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసినప్పుడు డిస్కు కొన్నవాళ్ల చేతిలో కూడా అది పనికిరాకుండా పోయింది. నెట్ లేకుండా నడిచే ఆటకే డిస్కు విలువ నిలుస్తుంది.

చందాల మీద నా అభిప్రాయం కాస్త కఠినం. వందల ఆటలు ఒక్క చందాలో వస్తాయి కాబట్టి ఇదే చవక అని వాదిస్తారు. ధర ఎటు పోతోందో చూడండి. ప్లేస్టేషన్ ప్లస్ ఎక్స్‌ట్రా ఏడాది చందా మన దేశంలో 2023 సెప్టెంబరులో 4,999 నుంచి 6,699 రూపాయలకు పెరిగింది. 2025 అక్టోబరులో అమెరికాలో మైక్రోసాఫ్ట్ వారి గేమ్ పాస్ అల్టిమేట్ నెల చందా 19.99 నుంచి 29.99 డాలర్లకు ఎగబాకింది. ధర ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు, అంతకన్నా పెద్ద సమస్య తీరిక. మూడు షిఫ్టుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు రాత్రి డ్యూటీ ఉండే సీ షిఫ్ట్ వారంలో పగలంతా నిద్రపోతాడు, సాయంత్రం ఇంట్లో ఉన్న ఒకే టీవీ పిల్లలదీ సీరియళ్లదీ. వారానికి ఐదారు గంటలు దొరికితే ఎక్కువ. ముప్పై గంటల ఆట ఒకటి పూర్తికావడానికే నెలకు పైగా పడుతుంది. అలాంటివాడికి వందల ఆటల జాబితా అక్కరకు రాని ఆస్తి. కావలసిన ఆట జాబితాలో ఉన్న నెలలో, సెలవులు కలిసొచ్చే నెలలో, ఒక్క నెలకు కట్టి ఆ రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటో రెన్యువల్ ఆపేస్తే చాలు. ఆపేసినా కట్టిన నెల పూర్తయ్యేదాకా ఆడుకోవచ్చు.

ఇప్పుడు అభ్యంతరాలు. స్నేహితులంతా ఆడుతున్నప్పుడు మనం ఏడాది ఆగితే కలిసి ఆడే ఆనందం పోతుందంటారు. జట్టుగా ఆన్‌లైన్‌లో ఆడే ఆటల విషయంలో ఇది న్యాయమైన మాట. అలాంటిది ఏడాదికి ఒకటి ఎంచుకుని పూర్తి ధర పెట్టడంలో తప్పులేదు, ఏటా వచ్చే ఫుట్‌బాల్ ఆటలకు మాత్రం ఒక ఏడాది విడిచి ఒక ఏడాది కొంటే సరిపోతుంది. అందరూ ఆగితే తయారీదారులు బతికేదెలా అన్నది రెండో ప్రశ్న. కొనుగోలుదారు ఆగడం కూడా తయారీదారుకు అందాల్సిన సమాచారమే. 2025 మేలో మైక్రోసాఫ్ట్ కొత్త ఆటలకు 79.99 డాలర్ల ధర ప్రకటించింది, విమర్శలు వెల్లువెత్తాక జులైలో వెనక్కి తగ్గి ద ఔటర్ వరల్డ్స్ 2ను 69.99కే ఇస్తామంది. పరిమిత జీతం ఉన్నవాడు పరిశ్రమను మోయాల్సిన పనిలేదు, తన స్థోమతకు తగ్గ ధరకు కొని ఆడితే చాలు.

ఫోన్‌లో ఉచితంగా ఆడుకోవచ్చు కదా అన్నది మూడో మాట. ఉచితం అన్న ఆటల్లోనే ఖర్చుకు పైకప్పు ఉండదు. ఫోర్ట్‌నైట్ తయారీ సంస్థ ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో అమెరికాలో 52 కోట్ల డాలర్ల పరిష్కారానికి ఒప్పుకుంది, అందులో 24.5 కోట్లు ఆటగాళ్లను అనుకోని కొనుగోళ్లలోకి లాగారన్న అభియోగం మీద వాపసు ఇవ్వాల్సినవి. ఇక డబ్బు పందెం పెట్టే రమ్మీ లాంటి యాప్‌లు వేరే జాతి. తెలంగాణ వాటిని 2017లోనే నిషేధించింది, కేంద్రం 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం తెచ్చింది. వాటినీ కన్సోల్ ఆటలనూ ఒకే గాటన కట్టి చూడటం అన్యాయం. కన్సోల్‌లో కొన్న ఆటకు ధర ఇంత అని ముందే తెలుస్తుంది, అందులోనూ లోపలి కొనుగోళ్లకు పాస్‌వర్డ్ పెట్టుకుంటే అంతకు మించి పైసా పోదు.

ఆ డబ్బు సిప్‌లోనో చిట్టీలోనో వేస్తే పెరుగుతుంది కదా అన్నది చివరిది, బరువైనది కూడా. వరుసక్రమం విషయంలో ఆ మాటకు నేను తలొగ్గుతాను. మూడు నెలల ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి, కుటుంబానికి ఆరోగ్య బీమా, చేతిలో ఉన్న అప్పుల కిస్తీలు, ఈ మూడూ ముందు. రసాయన ఫ్యాక్టరీల మధ్య బతికే మన ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు ఎన్ని కుటుంబాల సంపాదనను ఒక్క పూటలో ఆపేసిందో మనమంతా చూశాం. ఆ మూడూ తీరాక మిగిలిన దాంట్లో వినోదానికి కొంత ఉండాలి. లేకపోతే పొదుపు ఎక్కువకాలం నిలవదు. ఏడాదికి నాలుగు ఆటలు సగం ధరకు కొని, ఆడేసి అమ్మేవాడి ఖర్చు, నలుగురున్న కుటుంబం మల్టీప్లెక్స్‌లో నెలకో సినిమా చూసే ఖర్చుకన్నా చాలా తక్కువ.

ఈ నియమాలకు పెద్ద పరీక్ష గ్రాండ్ తెఫ్ట్ ఆటో 6. రాక్‌స్టార్ ప్రకటించిన విడుదల తేదీ 2026 నవంబరు 19. అంతకు ముందు 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, రెండూ వాయిదా పడ్డాయి. ఆ ఆట కోసమే కన్సోల్‌ను కిస్తీల మీద తెచ్చుకోవాలనుకునేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: ఇవాళ్టి నుంచే ఆ కిస్తీ మొత్తాన్ని మీ ఖాతాలోనే రికరింగ్ డిపాజిట్‌గా కట్టుకోండి. డబ్బు పోగయ్యాక కన్సోల్ కొనండి, ఆట ధర తగ్గాక డిస్కు కొనండి.