కెమెరాకు అందని మట్టి

స్ప్రింట్ కార్ల పందేన్ని మొదటిసారి టీవీలో చూసినవాళ్ళు "ఇంతేనా!" అనుకుంటే తప్పుపట్టలేం. నెత్తిన పెద్ద రెక్క బిగించుకున్న పొట్టి కార్లు మట్టి ట్రాకు చుట్టూ తిరుగుతుంటాయి, కాసేపటికి ఎవరో ఒకరు గెలుస్తారు. తెర మీద కనిపించేది అంతే. అమెరికాలో అయోవా, ఒహాయో, పెన్సిల్వేనియా పల్లెల్లో తాతా మనవలు ఒకే బెంచీ మీద సర్దుకుని కూర్చుని దీన్ని ఎందుకు చూస్తారో తెలియాలంటే మాత్రం ట్రాకు దాకా వెళ్ళాల్సిందే.

నేను వెళ్ళింది అయోవాలోని నాక్స్‌విల్‌కి. ఏడువేల పైచిలుకు జనాభా ఉన్న చిన్న ఊరు. అక్కడి అరమైలు ట్రాకు మీద 1961లో మొదలైన నేషనల్స్ పోటీలు ఆగస్టులో నాలుగు రోజులు సాగుతాయి. స్ప్రింట్ కార్ల మ్యూజియం కూడా ఆ పక్కనే ఉంది. కారు బరువు డ్రైవరుతో కలిపి దాదాపు 640 కిలోలు, మన పాత మారుతీ 800 అంత. ఆ మారుతీ ఇంజను శక్తి 40 హార్స్‌పవర్ కూడా ఉండదు, దీనిది 900 దాకా ఉంటుంది. మిథనాల్ తాగుతుంది. బ్యాటరీ లేదు, స్టార్టరు లేదు. వెనకనుంచి ఓ ట్రక్కు వచ్చి నెడితేగానీ ఇంజను అందుకోదు. ఒక్కో కారునూ అలా నెట్టుకుంటూ పోతుంటే, ఒక్కో ఇంజనూ దగ్గి, ఉలిక్కిపడి, గర్జన అందుకుంటుంది. 20కి పైగా కార్లు అలా లేచేసరికి బెంచీ చెక్క కింద వణుకు మొదలవుతుంది. టీవీలో సరిగ్గా ఆ సమయానికి ప్రకటనలు వేస్తారు.

వేగం సంగతీ అంతే. ప్రధాన కెమెరా స్టాండు పైన ఉంటుంది. లెన్సును దగ్గరికి లాగి ముందున్న కారును ఫ్రేము మధ్యలో పట్టుకుంటారు. దాంతో కారు కదలనట్టు, వెనక గోడ మాత్రం పరుగెడుతున్నట్టు ఉంటుంది. మలుపులో ట్రాకు ఎంత ఏటవాలుగా ఉందో కూడా ఆ లెన్సు చదును చేసేస్తుంది. స్టాండులో కూర్చున్నవాడి మెడ మాత్రం తిరుగుతూనే ఉండాలి. చుట్టు తిరిగి రావడానికి పదహారు సెకన్లో, ఇంకా తక్కువో. కారు మలుపులోకి అడ్డంగా వచ్చి, ముందు చక్రాలు ఒకవైపు, ముక్కు ఇంకోవైపు చూస్తూ దూసుకుపోతుంది. కంటికి అది అదుపు తప్పినట్టే ఉంటుంది. మట్టి ట్రాకు మీద వేగంగా మలుపు తిరగాలంటే అలాగే తిరగాలి.

కానీ వేగమూ చప్పుడూ కాదు, టీవీ నిజంగా మింగేసేది మట్టిని. మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకర్లు ట్రాకును తడుపుతాయి. ఆ తడిని అణిచి గట్టిపరచడానికి కార్లనే నెమ్మదిగా తిప్పుతారు. సాయంత్రం మొదటి పందేల వేళకు నేల జిగటగా, ముదురు రంగులో ఉంటుంది. టైరు ఎక్కడ పెట్టినా పట్టు దొరుకుతుంది. పందెం వెనక పందెం జరుగుతున్నకొద్దీ తడి ఆరిపోయి, లోపలివైపు దారి నల్లగా నున్నబడి జారుడుగా తయారవుతుంది. టైర్లు చిమ్మిన వదులు మట్టి గోడ పక్కన గట్టులా పేరుకుంటుంది. డ్రైవర్లు దాన్ని కుషన్ అంటారు. కుడి వెనక టైరును ఆ గట్టుకు ఆనించి వెళితే దూరం ఎక్కువైనా వేగం తగ్గదు. ఓ అడుగు పైకి జారితే గోడే. లోపలివైపు కింది దారి దగ్గరిదే, కానీ అక్కడ యాక్సిలరేటరు మీద కాలు మెత్తగా ఉండాలి.

ఏ దారి ఎప్పుడు వదలాలి, ఏది ఎప్పుడు పట్టాలి? రాత్రంతా నడిచే కథ ఇదే. నా పక్కన కూర్చున్న పెద్దాయన ముందున్న కారును అసలు చూడలేదు. ఆరో స్థానంలో ఉన్న కుర్రాణ్ణి చూపించి, "వాడు పైకెళ్ళాడు, చూస్తూ ఉండు" అన్నాడు. కుర్రాడు ఒక్కో చుట్టుకీ రెండేసి గజాలు కలుపుకుంటూ వచ్చాడు. తర్వాత ఓ మలుపులో కింద నుంచి దూసుకెళ్ళి, పైనున్న కారు ముక్కు ముందుకు జారాడు. ఆ ఎత్తును స్లైడ్ జాబ్ అంటారు. వెనకబడ్డవాడు వెంటనే ముక్కు కిందికి తిప్పి మళ్ళీ దాటేశాడు. ఇదంతా ఐదో స్థానం కోసం. తెర మీద ఆ సమయంలో అందరికీ దూరంగా, ఒంటరిగా పోతున్న మొదటి కారు కనిపిస్తూ ఉంటుంది.

టీవీ చేసిన మేలు చిన్నదేమీ కాదు. ఈఎస్‌పీఎన్ ప్రసారం చేసిన థర్స్‌డే నైట్ థండర్ కార్యక్రమం వల్లే ఇలాంటి చిన్న ట్రాకుల మీద తిరిగే జెఫ్ గోర్డన్ అనే కుర్రాడు దేశమంతటికీ తెలిశాడు. నాస్కార్ కార్ల పందేల్లో అతను పెద్ద పేరు తెచ్చుకున్నది ఆ తర్వాతే. ఇప్పుడు డర్ట్‌విజన్ చందా కడితే వరల్డ్ ఆఫ్ అవుట్‌లాస్ అనే స్ప్రింట్ కార్ల సిరీస్ పందేలు ఇంట్లోంచే చూడొచ్చు. అయోవాలో మంచు కురిసే జనవరిలో ఆస్ట్రేలియాలో వేసవి, వార్నంబూల్‌లో వాళ్ళ పెద్ద పందెం, అదీ తెర మీద చూడొచ్చు. స్టాండు మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళకు ఈ ప్రసారాలు ఎంత ఆసరానో నాకు తెలుసు. చందా నేనూ కడతాను, కడుతూనే ఉంటాను.

అందుకే ప్రసారం చేసేవాళ్ళను ఒక్కటి అడుగుతాను. లెన్సును వెనక్కి లాగండి. మలుపు మొత్తం, గోడ నుంచి లోపలి అంచు దాకా, తెర మీద కనబడనివ్వండి. ఎనిమిదో స్థానం కోసం కొట్టుకుంటున్నవాళ్ళను చూపించండి. ఒక పందేనికీ ఇంకో పందేనికీ మధ్య కెమెరాను నేల మీదికి దించి, ఆ నలుపు ఎంత దూరం పాకిందో చెప్పండి. దీనికి కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు.

వెళ్ళగలిగినవాళ్ళు ట్రాకు తడిపే వేళకే వెళ్ళండి. చెవుల్లో పెట్టుకోవడానికి ప్లగ్గులు ఉండాలి. కింది వరసల్లో కూర్చుంటే మట్టి పెళ్ళలు ఒళ్ళోకొస్తాయి, పైగా అక్కణ్ణుంచి ట్రాకు సగమే కనిపిస్తుంది. పై వరసల్లో, నాలుగో మలుపు వైపు సీటు చూసుకోండి. పందెం మొదలయ్యాక ముందున్నవాణ్ణి వదిలేసి మధ్యలో ఉన్న ఎవరో ఒకణ్ణి పట్టుకుని, వాడి కుడి వెనక టైరు ఎక్కడ తిరుగుతోందో చూడండి.