నాలుగు చుక్కల పొదుపు

జీతం పడటానికి ఇంకా పది రోజులుంది. లెన్స్ సొల్యూషన్ చూస్తే సీసా అడుగుకి వచ్చేసింది. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ఒంటరిగా నెల నెట్టుకొచ్చేవాళ్లకి ఈ లెక్కలు తెలుసు. నేనేం చేశానంటే, కేసులో రాత్రిది పారబోయకుండా, దానిమీదే కొత్తది నాలుగు చుక్కలు వేసి లెన్సులు ముంచేశా. రోజూ అదే పని. పైగా ఎంత తెలివైనదాన్నో అని మురిసిపోయా కూడా.

ఎనిమిదో రోజు పొద్దున లేచేసరికి ఎడమ కన్ను చింతనిప్పు. కిటికీ వైపు చూస్తే కన్నీళ్లు ధారగా కారిపోతున్నాయి.

“సొల్యూషన్ రోజూ మారుస్తున్నావామ్మా?” అని అడిగారు డాక్టర్.

“పైన కొంచెం పోస్తున్నా మేడమ్.”

“నిన్న అంట్లు తోమిన నీళ్లతోనే ఇవాళా తోముతావా?”

నల్లగుడ్డు మీద చిన్న పుండు పడింది.

సొల్యూషన్ అంటే లెన్స్ ఎండిపోకుండా ఉంచే నీళ్లనే అనుకున్నా ఇన్నాళ్లూ. కాదట. అందులో ఉప్పూ బఫరూ ఉండేది కంటికి మంట పుట్టకుండా. సబ్బులాంటి పదార్థం కన్నీళ్లలోంచి లెన్స్‌కి అంటిన కొవ్వునీ ప్రొటీన్‌నీ వదిలిస్తుంది. అందుకే అరచేతిలో పెట్టి వేలితో రుద్దాలి. అసలు పని చేసేది క్రిమిసంహారిణి. చాలా సీసాల్లో ఉండే పీహెచ్‌ఎంబీకి ధనావేశం ఉంటుంది. బ్యాక్టీరియా పైపొరది రుణావేశం. వెళ్లి అతుక్కుని ఆ పొరని చిల్లులు పెడుతుంది. దానికి నాలుగు నుంచి ఆరు గంటలు కావాలి. కానీ ఆ పని చేస్తూ చేస్తూ అది ఖర్చయిపోతుంది. పొద్దునకి కేసులో మిగిలేది అలిసిపోయిన సొల్యూషన్. నా నాలుగు చుక్కలు అందులో పడి పలచబడిపోయేవి.

“పోనీ కుళాయి నీళ్లు?” అన్నా. డాక్టర్ ముఖం మారిపోయింది. అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఆ నీళ్లలో ఉండొచ్చట. కంట్లో చేరితే నెలల తరబడి వదలదు, చూపే పోవచ్చు. సెలైన్ కూడా కడగడానికే, క్రిములని చంపదు.

రెండు రోజులు రాత్రీపగలూ గంటకోసారి చుక్కలు. అలారం పెట్టుకుని లేచి వేసింది నా రూమ్మేట్. నెలన్నర కళ్లజోడే. మచ్చ పడలేదు, అదృష్టం.

ఇప్పుడు పొద్దున్నే లెన్సులు పెట్టుకోగానే కేసు ఖాళీ చేసి, కొత్త సొల్యూషన్‌తోనే కడిగి, బోర్లించి ఆరబెడతా. మూడు నెలలకోసారి కేసే మార్చేస్తా. పారబోసేటప్పుడు చెయ్యి ఇప్పటికీ కాస్త వెనక్కి లాగుతుంది. అప్పుడు కుడి కన్ను మూసి, ఎడమ కంటితో గోడమీది క్యాలెండర్ చూసుకుంటా. జీతం తారీఖు స్పష్టంగా కనిపిస్తుంది.