ఆకాశంలో సఫ్

మా మామూ కొడుకు టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆదివారం వస్తే చిన్న విమానమెక్కే ప్రైవేట్ పైలట్. ఇప్పుడు వాడికి కొత్త షౌక్ పట్టుకుంది. మరో రెండు విమానాల పక్కన రెక్కకు రెక్క దగ్గరగా ఎగురుతూ పల్టీలు కొట్టడం.

మొదటి నెలల్లో పల్టీలే లేవట. లీడర్ విమానం మీద రెండు గుర్తులు పెట్టుకోవాలి. అవి ఒకే గీతలో కనిపిస్తే నువ్వు సరైన చోట ఉన్నట్టు. గీత చెదిరితే థ్రాటిల్ కాస్త ముందుకు, కాస్త వెనక్కి. ఆ చేతికి ఆరామ్ లేదు. విడిపోయి మళ్లీ కలవడం ఇంకా ముష్కిల్. వేగంగా వచ్చేస్తే ఆగడానికి గాల్లో బ్రేకులుండవు. లీడర్‌కి కిందుగా, వెనకనుంచి అవతలి పక్కకి జారిపోవాలి, కళ్లు మాత్రం అతని మీంచి తీయకుండా. ఇక లూప్‌లో లీడర్ తన ఇంజను జోరంతా వాడేయడు. పక్కవాడు అందుకోవాలి కదా! ఈ ముక్క నాకు బాగా నచ్చింది. వెనక ముసలాళ్లున్నారని ఇమాం సాబ్ ఖిరాత్ తగ్గించినట్టు.

"తలకిందులైతే భయమెయ్యదారా?"

"అయ్యానని తెలిస్తే కదా భాయిజాన్! నేల చూడను, ఆకాశం చూడను. లీడర్‌నే చూస్తా."

అచ్చం సఫ్‌లో నిలబడ్డట్టే. ఇమాం వంగితే వంగడం, లేస్తే లేవడం. నా దిల్‌లో ఖట్కా కూడా అక్కడే మొదలైంది.

1982 జనవరి 18న నెవాడాలో అమెరికా థండర్‌బర్డ్స్ జట్టు సాధన చేస్తోంది. నాలుగు టి-38 జెట్లు పక్కపక్కన లూప్ వేశాయి. లీడర్ విమానం లూప్‌లోంచి పైకి తేలలేదు. మిగతా ముగ్గురి కళ్లూ అతని మీదే. నాలుగూ నేలకు కొట్టుకున్నాయి, నలుగురూ పోయారు. అంతదూరం ఎందుకు, 2010 మార్చి 3న బేగంపేట ఎయిర్ షోలో నేవీ సాగర్ పవన్ జట్టు విమానం బోయిన్‌పల్లిలో ఇళ్ల మీద కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. మా ముమానీకి ఆ రోజు ఇంకా యాద్ ఉంది. "నువ్వైనా వాణ్ణి మనా చెయ్ బేటా" అని నాకు రోజూ ఫోన్లు.

నమాజులో ఇమాం తప్పితే వెనకున్న ముఖ్తదీ "సుబ్హానల్లాహ్" అనొచ్చు, లుఖ్మా ఇవ్వొచ్చు. మరి పైన? వాణ్ణి అదే అడిగాను.

ఉందన్నాడు. "నాక్ ఇట్ ఆఫ్" అని ఎవరైనా రేడియోలో అనొచ్చు, నిన్న చేరినవాడైనా సరే. ఆ మాట వినగానే అందరూ విన్యాసం ఆపాల్సిందే. లీడర్ కనబడకపోతే ఆ క్షణమే విడిపోవాలి. ఎవరు ఎటు పోవాలో ఎగరకముందే నేలమీద కూర్చుని తేల్చుకుంటారు. పైలట్ల మధ్య ముందస్తు ఒప్పందం లేకుండా జట్టుగా ఎగరడానికి అక్కడి కానూనే ఒప్పుకోదు. ప్రత్యేక ఇజాజత్ లేనిదే 1500 అడుగులకి కింద పల్టీలూ కుదరవు.

"నువ్వెప్పుడైనా అన్నావా ఆ మాట?"

"రెండుసార్లు. ఒకసారి నా వహమ్ మాత్రమే. అయినా దిగాక లీడర్ శుక్రియా చెప్పాడు."

నేను మనా చెయ్యలేదు. ఇదంతా ముమానీకి వివరంగా చెప్పాను. లూప్, థ్రాటిల్ ఏమీ పట్టించుకోలేదు ఆమె. కాసేపు ఊరుకుని, రిష్తా వాకబు చేస్తున్నట్టు, "ఆ లీడర్ ఎవరట? బాల్‌బచ్చాలున్నోడేనా?" అంది.

కనుక్కుంటానని చెప్పాను.