ముంగిట్లో ముగ్గు, మూకుట్లో గుమ్మడి

ధనుర్మాసం వచ్చిందంటే ఇళ్ళల్లో నిద్రకు సెలవే కదండీ! డిసెంబరు 16 నాటికల్లా గుళ్ళో మైకు మేలుకుంటుంది, దాంతోపాటే వాకిట్లో చీపుర్లూ ముగ్గు డబ్బాలూ. స్నానానికి లేవమంటే దుప్పటి ముసుగు తీయని పిల్లలు, కట్టెపొంగలి ప్రసాదం అనగానే అంత చలిలోనూ గుడి మెట్ల మీద హాజరు. ఇక సంతలోనూ రైతుబజారులోనూ గుమ్మడికాయలు గుట్టలుగా దిగిపోయాయి. పండగ వెళ్ళేదాకా పెత్తనం వాటిదే కాబట్టి ఈసారి మన కబుర్లూ వాటి చుట్టూనే.

ముందు పువ్వు సంగతి. గొబ్బెమ్మల నెత్తిన గుమ్మడి పువ్వే పెట్టాలని ఆడపిల్లల పట్టుదల. పువ్వులన్నీ కోసేస్తే కాయలెక్కణ్ణుంచి వస్తాయని పాదు పెట్టిన తాతగారి లబలబ. ఇద్దరికీ రాజీ కుదిర్చే మార్గం ఉంది. గుమ్మడి పాదుకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. పువ్వు మొదట్లో బుల్లి పిందె కనిపిస్తే అది ఆడపువ్వు, దాని జోలికి పోవద్దు. పిందె లేకుండా సన్నటి పొడుగు కాడ మీద నిలబడ్డవి మగపూలు, పూసేవాటిలో వాటి లెక్కే ఎక్కువ. తేనెటీగల కోసం నాలుగు వదిలేసి మిగతావి కోసుకున్నా కాపుకు లోటు రాదు. కాకపోతే పొద్దెక్కితే ముడుచుకుపోతాయి, కోసేదేదో తెల్లారేసరికి కోయాలి. ఆలస్యంగా లేచినవాళ్ళ గొబ్బెమ్మలకు బంతిపూలే గతి!

ఇక కాయ ఎంపిక. ఒకే సైజు కాయలు రెండు తీసుకుని చేత్తో ఎత్తి చూడండి, ఏది బరువుంటే అది మీది. తొక్క మీద గోరు దిగకూడదు. తొడిమ ఎండి, కాయను అంటిపెట్టుకునే ఉండాలి. తొడిమ ఊడిపోయిన కాయ చాలాసార్లు అక్కణ్ణుంచే కుళ్ళడం మొదలెడుతుంది. కోసిన ముక్కలు కొనేవాళ్ళకు ఈ పరీక్షలేమీ అక్కర్లేదు, కండ రంగు కళ్ళముందే ఉంటుంది. అది ఎంత ముదురు నారింజ రంగులో ఉంటే అంత మంచిది. బేరం కుదిరింది కదా అని ఏడెనిమిది కిలోల కాయ ఎత్తుకొచ్చారో, నలుగురున్న ఇంట్లో వారమంతా ఒకటే కూర!

అందుకేనేమో, గుమ్మడిని మన పెద్దవాళ్ళు ఏనాడూ ఒక్క ఇంటి కాయగా చూడలేదు. సంక్రాంతికి దానమిచ్చేది గుమ్మడి. కోశాక చుట్టుపక్కల నాలుగిళ్ళకూ చెక్కలు చెక్కలుగా వెళ్ళేదీ గుమ్మడే. అపార్ట్‌మెంటులో ఎదురింటివాళ్ళ పేరు కూడా తెలియదని వాపోయేవాళ్ళు ఒక చెక్క పట్టుకెళ్ళి తలుపు తట్టి చూడండి. పేరేమిటి, ఊరు, గోత్రం, గ్యాసు సిలిండరు ఎన్నాళ్ళొస్తుందో సహా తెలుసుకుని గానీ తిరిగి రారు.

అన్నట్టు, గుండు గుమ్మడికి మొదటి గాటు మగవాళ్ళే పెట్టాలన్న ఆచారం ఇంకా చాలా ఇళ్ళల్లో నడుస్తోంది. అయ్యగారు చొక్కా చేతులు మడిచి, కాయ కింద తడిగుడ్డ వేసుకుని, మాంచి కత్తి తీసుకుని ఒక్క గాటు పెడతారు. మిగతా కాయంతా తరిగి, గింజలు తీసి, వంట చేసి వడ్డించేది అమ్మగారు. భోజనాల దగ్గర మాత్రం కాయ కోసిన ఘనత గురించి రెండు మాటలు వినక తప్పదు. కత్తి దిగనంత మొండికాయలైతే తొడిమ పక్కన దింపండి, తొడిమ మీద కాదు. సగం కష్టం అక్కడే తగ్గిపోతుంది.

పండగ నాడు కోస్తా జిల్లాల్లో దప్పళం ఉడకని వంటిల్లు తక్కువే. గుమ్మడి, చిలగడదుంప, మునక్కాడ, సొరకాయ, వంకాయ, బెండకాయ, ఉల్లిపాయ, దొరికిన కూరలన్నీ ఒకే గిన్నెలో. పక్కన ముద్దపప్పు, పైన నెయ్యి. ఇందులో ముక్క ఉడకలేదని పొయ్యిని తిట్టేవాళ్ళు చింతపండు పులుసు ఎప్పుడు పోశారో ఒకసారి గుర్తుచేసుకోవాలి. పులుపు తగిలిందంటే ముక్క మెత్తబడటానికి మొరాయిస్తుంది. కాబట్టి దుంప, మునక్కాడ ముందు. అవి సగం ఉడికాక గుమ్మడి. అది కాస్త మెత్తబడ్డాకే పులుసు. ఆపైన ఉప్పు, కారం, బెల్లం, చిక్కదనానికి చెంచాడు బియ్యప్పిండి నీళ్ళల్లో కలిపి. పులుసు అందాక గుమ్మడి ఇక చితికిపోదు, ముక్క ముక్కగానే నిలబడుతుంది. వండిన నాటికంటే మర్నాడే దీని రుచి ఎక్కువ. పండగ మర్నాడు అత్తారింటి ప్రయాణాలు వాయిదా పడటానికి ఇదీ ఒక కారణం.

ఇక ఆవపెట్టిన కూర. అరకిలో ముక్కలకు చెంచాడు ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు వేసి చన్నీళ్ళతో మెత్తగా నూరుకోండి. గుమ్మడి తన నీళ్ళతో తానే ఉడుకుతుంది, మూత పెట్టి సన్నసెగన వదిలేస్తే చాలు, చెంబుతో నీళ్ళు గుమ్మరించక్కర్లేదు. ముక్క ఉడికి, తాలింపు పడి, పొయ్యి కట్టేశాకే ఆవముద్ద కలపాలి. ఆవాలు నలిగి తడి తగిలినప్పుడు పుట్టే ఘాటు సెగకు నిలవదు. పొయ్యి మీదుండగా కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. సరిగ్గా కుదిరితే మొదటి ముద్దకే ముక్కుపుటాలు అదురుతాయి. జలుబుతో మూలుగుతున్నవాళ్ళకు రెండో ముద్ద అడగకుండానే వడ్డించండి.

అన్నట్టు, గుమ్మడి తీపి కూరా, కారం కూరా అన్న తగువు తెగే రకం కాదు. కొన్ని ఇళ్ళల్లో బెల్లం పడందే గుమ్మడి కూరే కాదు. కొన్ని ఇళ్ళల్లో బెల్లం పేరెత్తితే అది కూరా, పాయసమా అని అడుగుతారు. రెండు పక్షాలనూ ఒక్క తాటి మీదకు తెచ్చేది మాత్రం మెంతులు. తాలింపులో పావుచెంచా మెంతులు ఎర్రగా వేగితే ఆ చిరుచేదు గుమ్మడి తీపిని ఒక హద్దులో ఉంచుతుంది. నల్లబడితే మాత్రం మెంతులదే రాజ్యం. ఇక తెలంగాణ వంటిళ్ళల్లో సకినాల కోసం తెచ్చిన నువ్వులు ఎలాగూ మిగులుతాయి. వాటిని దోరగా వేయించి, పొడికొట్టి దింపేముందు కూర మీద చల్లండి. గుమ్మడి నచ్చదన్నవాళ్ళు కూడా గిన్నె అడుగు గీకుతారు. నూనెకు మరీ పిసినారితనం చూపకండేం! ఆ కండకు నారింజ రంగునిచ్చే బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే తోడుగా కాస్త నూనో నెయ్యో ఉండాల్సిందే. డాక్టరు గారు ఒప్పుకునే తాలింపు ఇదొక్కటే కాబోలు.

గింజలు పారేస్తున్నారా? కడిగి, ఒక పూట ఎండబెట్టి, ఉప్పునీళ్ళు చిలకరించి మూకుట్లో వేయిస్తే సాయంత్రం కాలక్షేపం. బయట షాపుల్లో చిన్న ప్యాకెట్లో పోసి పెద్ద ధర వేసేదీ ఇవే. లేత కాయ తొక్కు మినప్పప్పు, ఎండుమిర్చి, చింతపండుతో పచ్చడి అవుతుంది. చెత్తబుట్టకు దక్కేది ఒక్క తొడిమే!

ఇక ఈ కుటుంబంలో పెద్దమనిషి బూడిద గుమ్మడి. దసరాకు దిష్టి తీయించుకుని, గృహప్రవేశానికి గుమ్మానికి వేలాడి, సినిమా షూటింగు పూర్తయిన నాడు పగిలి, ఇన్ని ఉద్యోగాలు చేసి చివరికి వడియాల్లోకి వచ్చి విశ్రాంతి తీసుకుంటుంది. కిలో ముక్కలకు పావుకిలో మినప్పప్పు లెక్క. చిన్న ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి, గుడ్డలో మూటగట్టి, రాత్రంతా బరువు కింద ఉంచితే నీరంతా దిగిపోతుంది. గట్టిగా రుబ్బిన పిండిలో పచ్చిమిర్చి, జీలకర్ర, ఇంగువ కలిపి, ఈ ముక్కలు వేసి, డాబా మీద పాత చీర పరిచి పెట్టేయడమే. కాకులకు కాపలా పిల్లలు. పిల్లలకు కాపలా బామ్మ, ఎందుకంటే పచ్చివడియం రుచి కాకికంటే పిల్లలకే బాగా తెలుసు. సంక్రాంతి సెలవుల్లో ఈ కాపలా ఉద్యోగానికి పోటీ ఎక్కువ.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళ సంగతి చూద్దాం. అమెరికాలో అక్టోబరు 31న హాలోవీన్ అయిపోగానే పెద్ద గుమ్మడికాయలు చవకవుతాయి. ఆశపడకండి. కళ్ళూ ముక్కూ చెక్కడానికి పెంచిన ఆ కాయలు నీళ్ళోడుతూ, పీచుగా, చప్పగా ఉంటాయి. దప్పళానికి బటర్‌నట్ స్క్వాష్ తెచ్చుకోండి, కండ నున్నగా ఉంటుంది, తొక్క పీలరుతోనే వచ్చేస్తుంది. ఓవెన్ ఉన్నవాళ్ళు ముక్కలకు నూనె రాసి 200 డిగ్రీల సెల్సియస్‌లో ఓ అరగంట కాల్చి, పైన ఆవాలు, మెంతులు, ఇంగువ, కరివేపాకు తాలింపు వేసుకోవచ్చు. నీరు ఇగిరి తీపి చిక్కబడుతుంది. ఉడికితే పోగులు పోగులుగా విడిపోయే స్పగెటీ స్క్వాష్ మాత్రం పులుసులోకి రాదు. అన్నట్టు, అక్కడ పంప్‌కిన్ స్పైస్ అంటే దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగాల పొడి. అందులో గుమ్మడి వెతకడం మైసూరు బజ్జీలో మైసూరును వెతకడమే.

ఇంకో ముచ్చట. బూడిద గుమ్మడి మన ఆసియా సంతానమే గానీ, తీపి గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండాలు. చిలగడదుంప, మిరపకాయ కూడా అటునుంచి వచ్చినవే. మన పిల్లలు వీసా ఇంటర్వ్యూ వరుసల్లో నిలబడటానికి కొన్ని వందల ఏళ్ళ ముందే ఇవన్నీ ఎదురొచ్చి మన దప్పళంలో స్థిరపడిపోయాయి. పొరుగువాళ్ళ వంటిళ్ళల్లోనూ బాగానే కలిసిపోయాయి. కేరళలో గుమ్మడిని ఎరిస్సేరి అంటూ కొబ్బరితో వండుతారు. బెంగాల్లో పువ్వునే పిండిలో ముంచి వేయిస్తారు. మనం గొబ్బెమ్మకు పెట్టే పువ్వును వాళ్ళు బజ్జీ వేస్తున్నారని బామ్మలకు మాత్రం చెప్పకండి.

కోయని కాయను గాలి తగిలే చోట, నేల మీద కాకుండా గడ్డి మీదో చెక్క మీదో పెడితే నెలల తరబడి ఉంటుంది. ఒకదానిమీదొకటి పేర్చకండి. కోసిన చెక్కకు గింజలూ పీచూ తీసేసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఢోకా లేదు. ఇక రథసప్తమి దాటితే ఎండ ముదురుతుంది, ఆవకాయ జాడీలు అటక మీంచి దిగే రోజులు దగ్గరపడతాయి. వడియాలు పెట్టనివాళ్ళు ఆలోపే కానిచ్చేయండి. పక్కింటి నుంచి దప్పళం వచ్చిన గిన్నె ఇంకా మీ గట్టు మీదే ఉంటే, కనుమ వెళ్ళేలోగా వెనక్కి ఇచ్చేయండి. ఖాళీగా మాత్రం కాదు సుమా, వాళ్ళింట్లోనూ ఇప్పుడు తీపి కూరా, కారం కూరా అన్న తగువు నడుస్తూ ఉంటుంది, మీ ఓటు అవసరం!