అన్నం, జీతం - ఆ తరువాతే తుపాకి

జంషెడ్‌పూర్ నగరాన్ని విడిచి, మాంగో వంతెన మీద సువర్ణరేఖా నదిని దాటిన బాటసారికి దల్మా కొండలు కుడివైపున చాలా దూరం తోడు వస్తాయి. ఛాండిల్, తమాడ్, బుండూల మీదుగా, మద్దిచెట్ల అడవుల నడుమ సాగి రహదారి రాంచీ చేరుతుంది. అక్కడ ఉత్తర దిశకు మళ్లి, చుటుపాలు కనుమలో మెలికలు తిరుగుతూ దిగి, దామోదర నది లోయలోని రామ్‌గఢ్ ముంగిట నిలుస్తుంది. మొత్తం సుమారు 175 కిలోమీటర్ల ప్రయాణం.

ఈ దారికి రెండు కొసలా ఉన్న ఊళ్లలో మొదటిది తెలుగువారికి చిరపరిచితమే. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాలకై శ్రీకాకుళం సీమనుంచి, ఇతర తీర ప్రాంతాలనుంచి తరలిపోయిన కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా జంషెడ్‌పూర్‌లో స్థిరపడి ఉన్నాయి. 1912లో అక్కడ మొదటి ఉక్కు దిమ్మ వెలువడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ఉక్కు పట్టాలు చేసిన మేలుకు గుర్తుగా 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో అక్కడి ఉక్కు పలకలతో నాలుగు వేలకు పైగా సాయుధ శకటాలు తయారయ్యాయి. సైనికులు వాటిని ముద్దుగా 'టాటానగర్' అని పిలిచేవారు.

ఆ శకటాలు తయారవుతున్న రోజులలోనే, దారికి రెండవ కొసనున్న రామ్‌గఢ్‌లో మరొక పని సాగుతున్నది. ఆకలికీ, రోగాలకూ చిక్కి శల్యమైన మనుషులను సైనికులుగా తీర్చిదిద్దే పని అది. ఆ సైనికులు భారతీయులు కారు. చైనీయులు.

రామ్‌గఢ్ పేరు దేశ ప్రజలకు మొదట తెలిసింది 1940 మార్చిలో. మౌలానా అబుల్ కలాం ఆజాద్ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ అక్కడ జరిగింది. కుండపోత వర్షంలో ప్రతినిధులు మోకాలిలోతు నీటిలో నిలబడవలసి వచ్చింది. ఆ సమయంలోనే సుభాస్ చంద్ర బోస్ అదే ఊరిలో రాజీ వ్యతిరేక సభ నిర్వహించాడు. ఆ తరువాత యుద్ధం ముదరగా, రామ్‌గఢ్‌లో ఇటలీ యుద్ధ ఖైదీల కోసం విశాలమైన శిబిరం వెలసింది.

1942లో యుద్ధం భారతదేశపు గుమ్మం వరకూ వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. మే నెల నాటికి బర్మా దాదాపుగా జపాను వశమైంది. బర్మాను కాపాడడానికి వచ్చిన చైనా సైన్యాలు చెల్లాచెదరయ్యాయి. వాటిలో రెండు డివిజన్ల సైనికులు అడవులూ కొండలూ దాటి భారతదేశంలోకి వచ్చారు. సన్ లీజెన్ నాయకత్వంలోని 38వ డివిజను ఇంఫాల్ వైపు కొంత క్రమంగానే తరలివచ్చింది. 22వ డివిజను మాత్రం వానాకాలంలో ఉత్తరాన దట్టమైన అడవులలో చిక్కుకున్నది. దారి పొడవునా ఆకలి, మలేరియా, జలగలు. రెండు డివిజన్లలోనూ కలిపి ప్రాణాలతో మిగిలినవారు దాదాపు తొమ్మిది వేలమంది. వారినే రామ్‌గఢ్‌కు తీసుకువచ్చారు.

చైనాలో పనిచేస్తూ ఉండిన అమెరికా సేనాని జోసెఫ్ స్టిల్‌వెల్ కూడా అదే ఓటమిలో తన చిన్న బృందంతో కాలినడకన భారతదేశం చేరుకున్నవాడే. ఆయనకు చైనా భాష వచ్చు. చైనా సిపాయికి మంచి తిండి, మంచి ఆయుధం, మంచి నాయకత్వం లభిస్తే ప్రపంచంలో ఏ సిపాయికీ తీసిపోడని ఆయన దృఢ విశ్వాసం. ఈ మాట నమ్మినవారు అప్పటికి చాలా తక్కువ. ఢిల్లీలోని బ్రిటిష్ అధికారులకు ఈ దేశపు గడ్డపై చైనా సైన్యం ఉండడమే మొదట ఇష్టం లేకపోయింది. కడకు ఒక ఒప్పందం కుదిరింది. తిండి, జీతాలు, వసతి బ్రిటిష్ వారు సమకూర్చాలి. ఆయుధాలు, శిక్షణ అమెరికా వారు ఇవ్వాలి. 1942 ఆగస్టు చివరలో రామ్‌గఢ్‌లో శిక్షణ ఆరంభమైంది.

మొదటి పాఠం తుపాకి కాదు, అన్నం.

ఆనాటి చైనాలో రైతు బిడ్డను సైన్యంలో చేర్చే తీరు దారుణంగా ఉండేది. పల్లెలలో బలవంతంగా పట్టుకొని, తాళ్లతో ఒకరికొకరిని కట్టి నడిపించుకు పోయేవారు. తిండి లేక, మందు లేక పటాలానికి చేరకుండానే దారిలో కన్నుమూసినవారు లెక్కలేనంతమంది. చేరినవారికి కూడా పై అధికారులు మింగగా మిగిలిన బియ్యమే దక్కేది.

కొత్త సైనికులు తరువాత కున్మింగ్ నుంచి విమానాలలో హిమాలయాల తూర్పు కొసను దాటి వచ్చారు. భారతదేశం నుంచి చైనాకు సామగ్రి మోసుకుపోయిన విమానాలే ఖాళీగా తిరిగి రాకుండా ఈ మనుషులను తెచ్చేవి. ఆ ఎత్తులో గడ్డకట్టే చలి. ఇండియాలో కొత్త బట్టలు ఇస్తారు గదా అని, అధికారులు వారిని పలుచని దుస్తులతోనే విమానమెక్కించిన సందర్భాలు ఉన్నాయి.

రామ్‌గఢ్‌లో వారికి స్నానాలు చేయించి, పేలు పట్టిన పాత బట్టలను కాల్చివేసి, కొత్త దుస్తులూ బూట్లూ ఇచ్చేవారు. మశూచికి, కలరాకు, టైఫాయిడ్‌కు టీకాలు వేసేవారు. కడుపునిండా అన్నం, మాంసం, కూరలు పెట్టేవారు. డాక్టర్ గార్డన్ సీగ్రేవ్ అనే శస్త్రవైద్యుడు, బర్మానుంచి ఆయనతోపాటు నడిచివచ్చిన నర్సులూ సైనికుల కాళ్లపై మానని వ్రణాలకు కట్లు కట్టారు. మలేరియా, రక్తవిరేచనాలతో వచ్చినవారిని కుదుటపరిచారు. నీటిని కాచి తాగడం, పాయఖానా గుంటలు బావికి దూరంగా తవ్వడం, రాత్రివేళ దోమతెర వాడడం - ఇవన్నీ కవాతుతో సమానంగా నేర్పవలసిన పాఠాలే అయినాయి. అడవి యుద్ధంలో శత్రువు గుండు కంటె దోమ కాటుకే ఎక్కువమంది నేలకూలుతారని బర్మా తిరోగమనం నేర్పి ఉన్నది. కొద్ది నెలలలోనే ఆ శరీరాలకు కండ పట్టింది.

రెండవ పాఠం జీతం. ఇది సైనికులకు కాక, వారి అధికారులకు పాఠమయింది.

చైనా సైన్యంలో జీతాల మొత్తాన్ని దళాధిపతికి ఇచ్చివేయడం ఆచారం. సిపాయి చేతికి అందులో ఎంత చేరేదీ ఆ అధిపతి దయమీద ఆధారపడి ఉండేది. చనిపోయినవారి పేర్లు కూడా పట్టికలో నిలిచి ఉండేవి. ఆ జీతాలూ ఎవరి జేబులోకో పోయేవి. రామ్‌గఢ్‌కు మొదట సేనాధిపతిగా వచ్చిన లో చోయింగ్ కూడా సొమ్మంతా గంపగుత్తగా తనకే అందాలని కోరాడు. స్టిల్‌వెల్ అంగీకరించలేదు. సైనికులను వరుసలో నిలబెట్టి, పేరు పిలిచి, తలకొక్కరికి చేతిలో రూపాయలు లెక్కపెట్టి ఇవ్వాలన్నాడు. ఈ వివాదం పెద్దదైంది. చివరకు లో చోయింగ్ చైనాకు తిరిగి వెళ్లగా, ఆయన స్థానంలో జెంగ్ డాంగ్వో వచ్చాడు. తన కష్టార్జితం తన అరచేతిలో పడడం ఆ సిపాయిలలో ఎందరికో అదే మొదటిసారి.

ఆ తరువాతనే తుపాకి. భాష పెద్ద అడ్డుగోడ అయింది. బోధించే అమెరికన్లకు చైనా భాష రాదు. నేర్చుకొనేవారికి ఇంగ్లీషు రాదు. ఉన్న కొద్దిమంది దుబాసీలు అన్ని తరగతులకూ చాలరు. అందుచేత మాటలు తగ్గించి, చేసి చూపించే పద్ధతి అవలంబించారు. బోధకుడు తుపాకిని విప్పి, శుభ్రపరిచి, తిరిగి బిగిస్తాడు. ఎదుట కూర్చున్నవారు అట్లాగే చేస్తారు. స్టిల్‌వెల్ స్వయంగా గురి మైదానంలో నేలపై పడుకొని సిపాయి మోచేతిని సరిచేసేవాడు. మూడు నక్షత్రాల సేనాని తమ పక్కన మట్టిలో పడుకోవడం చూసి ఆ పల్లె పిల్లలు విస్తుపోయేవారు. గుండ్లు దొరకని సైన్యంలో పెరిగిన సిపాయికి, గురి కుదిరేవరకూ ఇష్టం వచ్చినన్ని గుండ్లు కాల్చవచ్చునన్న మాటే వింతగా తోచింది. మోటారు బండిని దగ్గరగా చూచి ఎరుగనివారు లారీలు నడపడం, ఆపైన ట్యాంకులు నడపడం నేర్చుకున్నారు. ఫిరంగులు పేల్చడం, వార్తలు పంపడం, కంచరగాడిదలను సంరక్షించడం - ప్రతి పనికీ వేరు వేరు తరగతులు జరిగేవి.

1943 నవంబరు 30న చైనా అధినేత చియాంగ్ కై షేక్, కైరో సమావేశం నుంచి తిరిగి వెళుతూ ఈ శిబిరాన్ని సందర్శించాడు. యుద్ధం ముగిసేలోగా రామ్‌గఢ్‌లో శిక్షణ పొందినవారు దాదాపు 53 వేలమంది.

ఆ శిక్షణకు పరీక్ష 1943 చివరలో ఎదురైంది. ఓడి పారిపోయి వచ్చిన అడవులలోకే ఆ సైనికులు తిరిగి ప్రవేశించారు. అస్సాంలోని లెడో నుంచి వెనుకనే కొత్త రోడ్డు పడుతూ ఉండగా, హుకాంగ్ లోయలో జపాను 18వ డివిజనును ఒక్కొక్క మజిలీగా వెనుకకు నెట్టారు. సింగపూరును జయించిన సైన్యాలలో ఆ డివిజను ఒకటి. 1944 ఆగస్టు 3న మిచీనా పట్టణం వశమైంది. 1945 జనవరిలో లెడో దారి చైనా దారితో కలిసింది. 1942లో పనికిరానివారని ఎందరో పెదవి విరిచిన మనుషులు వీరే. జాతి మారలేదు, ధైర్యమూ కొత్తగా పుట్టలేదు. పెట్టవలసిన తిండి పెట్టి, ఇవ్వవలసిన జీతం ఇచ్చి, నేర్పవలసినది ఓపికతో నేర్పారు.

ఈ శిబిర జీవితం ఇప్పటికీ రామ్‌గఢ్‌లో మరొక రూపంలో సాగుతున్నది. సిక్కు, పంజాబు రెజిమెంట్ల శిక్షణ కేంద్రాలు ఇక్కడ ఉన్నాయి. 2023 నుంచి అగ్నివీరులూ ఇక్కడికి వస్తున్నారు. ఇనుప పెట్టె చేతపట్టుకొని వచ్చిన పల్లెటూరి కుర్రవాడికి తొలి రోజులలో నేర్పేవి చూడడానికి చిన్న పనులే. తెల్లవారకముందే లేవడం, పక్క మడత పడకుండా సర్దడం, బూటు మెరిసేలా తుడవడం, పాదాలకు బొబ్బలెక్కకుండా చూసుకోవడం, పక్కవాడి అడుగుతో తన అడుగు కలపడం. నెలల తరువాత జాతీయ పతాకం ఎదుట, తన పవిత్ర గ్రంథం సాక్షిగా ప్రమాణం చేసే వేళకు ఆ చిన్న పనులే అతనికి స్వభావమవుతాయి.

పట్టణానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో చైనా శ్మశానవాటిక ఉన్నది. ఇంటికి తిరిగి పోలేకపోయిన ఆరు వందలమందికి పైగా చైనా సైనికులు అక్కడ వరుసలు తీరి నిద్రిస్తున్నారు. ఏ పల్లెనుంచో తాళ్లతో కట్టి తీసుకుపోబడిన కుర్రవాళ్లు వారిలో ఎందరో ఉండవచ్చు. దామోదర నది ఒడ్డున ఉన్న ఈ పరాయి నేల మీద వారు కొంతకాలమైనా కడుపునిండా తిన్నారు. పేరు పిలిస్తే ముందుకు వచ్చి తమ జీతాన్ని తమ చేతితో అందుకున్నారు.