చేరనిది ఏది?

అచ్యుతాపురం పక్కనే కొండకర్ల ఆవ సరస్సు. మొన్న మనవరాలిని తాటిదోనెలో తిప్పి తెచ్చాను. ఇంటికొచ్చాక పలక మీద నాలుగు బొమ్మలు గీశాను: కొంగ, బాతు, చేప, దోనె. గుంపులో చేరనిది ఏదమ్మా అన్నాను. దోనె అంటుందనుకున్నాను. ప్రాణం లేనిది అదొక్కటేగా.

ఐదేళ్ల పిల్ల చేప మీద వేలు పెట్టింది. "అదొక్కటే నీళ్లలో ములిగుంటాది తాతా."

"మరి కొంగో?"

"కాళ్లే కదా తడుస్తాయి!"

తప్పని ఎలా అనను? మూడింటినీ కలిపే గుణం పట్టుకుంది, నాలుగోదానికి అది లేదని తేల్చింది. తర్కమంటే అదే కదా. అమెరికాలో 1969లో మొదలైన సెసమీ స్ట్రీట్ టీవీ కార్యక్రమం ఈ ఆటనే పాటగా పిల్లలకిచ్చింది. మన అభ్యాస పుస్తకాల్లో మాత్రం చాలావాటికి జవాబు ఒక్కటే. ఎందుకని రాసే గీత ఉండదు. నా బాధంతా అక్కడే.

అలాగని ఏం చెప్పినా ఒప్పుకోను. చేపంటే ఇష్టం లేదనడం తన సంగతి, బొమ్మల సంగతి కాదు. ఆ తేడా ఈ వయసులోనే తెలియాలి.

"కొంగే వేరని చెప్పాలంటే?" అని మళ్లీ అడిగాను. పలక ఒళ్లో పెట్టుకుంది. వంటింట్లోంచి అన్నానికి పిలిచారు. కదల్లేదు.