మర్తబాన్

ఉమ్రా నుండి తిరిగి వస్తూ ఇస్తాంబూల్‌లో రెండు రోజులు ఆగాము. తోప్‌కపి రాజప్రాసాదంలో నా సహయాత్రికులు రత్నాభరణాల గదికి వెళ్ళగా, నేను వంటశాలల వైపు నడిచాను. 1574లో జరిగిన అగ్నిప్రమాదం తరువాత వాస్తుశిల్పి సినాన్ పునర్నిర్మించిన భవనాలవి. ఆ పెద్ద పొగగొట్టాల కింద ఇప్పుడు నిప్పు లేదు, చైనా పింగాణీ ఉంది. సుల్తానులు సేకరించిన పదివేలకు పైగా పాత్రలలో వెయ్యికి మించి సెలడాన్‌వే.

లేత మామిడి పిందె రంగు! చైనాలోని లాంగ్‌చువాన్ కొలిమి పనివారు పూతలో కొద్దిపాటి ఇనుము కలిపి, గాలి చాలని మంటలో కాలిస్తే వచ్చే పచ్చదనమది. బాగా కాలిన ఆ పూత గాజులా బిగిసి తేమను పీల్చదు, వాసన పట్టదు. తేయాకుకు ఆ రెండూ శత్రువులే. అందుకే చైనావారు తేయాకును మూత బిగించిన జాడీలలో దాచేవారు. చైనా జాడీలను జపాన్‌వారు కూడా ఆకు నిల్వకై ఎంతో విలువనిచ్చి కొనుక్కున్నారు.

విషాహారం తగిలితే ఈ పాత్ర పగిలిపోతుందని రాజులు నమ్మేవారట. అన్ని కోటలూ ఇంతమంది కావలివారూ ఉండి కూడా అన్నం ముందు అంత భయమా అనిపించింది.

నన్ను నిలబెట్టింది మాత్రం ఒక పేరు. తుర్కులు, పారసీకులు ఈ పచ్చ పింగాణీని ‘మర్తబానీ’ అన్నారు. బర్మా తీరంలోని మర్తబాన్ రేవు మీదుగా ఓడలలో వచ్చేది గనుక ఆ పేరు. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా తనకు ఓడ ప్రయాణానికై ఇచ్చిన మర్తబాన్‌లను పేర్కొన్నారు. వాటి నిండా ఉప్పులో ఊరిన అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి!

మా అమ్మీ ఆవకాయ జాడీని మర్తబాన్ అనే పిలిచేది. సెలడాన్ కాదు, సంతలో కొన్న గోధుమ, తెలుపు రంగుల జాడీ. మూతికి గుడ్డ కట్టి, బిస్మిల్లాహ్ అని తెరిచేది. ఆమె పోయాక దానిని ఎవరూ తాకలేదు. యాత్రకు బయలుదేరే ముందు ఇల్లు సర్దుతూ, పాత సామానువానికి ఇచ్చేయమని నేనే చెప్పాను.

ఆ రాత్రి ఇంటికి ఫోను చేశాను. ఇవ్వలేదట. కోడలు అందులో టీపొడి పోసుకుంటోందట. ఊరగాయ వాసన రావడం లేదా అమ్మా అని అడిగాను. కడిగి రెండు రోజులు ఎండలో పెట్టానని, ఏ వాసనా లేదని చెప్పింది.